నోటితో రాత – 4వ పాఠం: ఫోన్ ఎరగని పేర్లు

టైప్ చేయకుండా ఫోన్ మైకుకు నోటితో చెప్పి రాయించడం ఈ పాఠాల సంగతి. మాట మధ్యలో ఆగకుండా వాక్యం మొత్తం ఒక్క ఊపులో చెప్పడం మూడో పాఠంలో నేర్చుకున్నాం. ఇంట్లో వాడే మాటలు, కబుర్లు, చిన్న చిన్న ఉత్తరాలు ఈపాటికి మీకు బాగానే వస్తూ ఉండాలి. చాలామంది విసుగెత్తి ఫోన్ పక్కన పడేసేది ఈ నాలుగో మెట్టు మీదే. మామూలు మాటలన్నీ చక్కగా రాసిన ఫోన్, మనకు ముఖ్యమైన ఆ ఒక్క పేరు దగ్గరే చేతులెత్తేస్తుంది. మందు పేరు, ఊరి పేరు, ఇంటిపేరు, విత్తనం నంబరు. అవి తప్పయితే మిగతా వాక్యం ఎంత బాగా వచ్చినా దండగే.

నేను వరి రైతుల కోసం వారానికో పేజీ రాస్తుంటాను. బొటనవేలి నొప్పి వచ్చాక టైపింగ్ మానేసి నోటితోనే లాగిస్తున్నాను. మొదలుపెట్టిన కొత్తలో ఒక రోజు, ఒక వరి రకానికి వచ్చే తెగులు, దాని మందు గురించి ఈ వాక్యం చెప్పాను:

"బీపీటీ 5204లో అగ్గితెగులు కనిపిస్తే లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి పిచికారీ చేయాలి."

ఫోన్ తెర మీద పడింది ఇది:

"బీపీ టీ 5204 లో అగ్గి తెగులు కనిపిస్తే లీటరు నీటికి ఆరు గ్రాముల ట్రై సైకిల్ జోల కలిపి పిచికారి చేయాలి."

బీపీ ఉన్నవాడికి టీ ఇచ్చి, సైకిల్ ఎక్కించి జోల పాడినట్టుంది. బాగా నవ్వుకున్నాను. నవ్వు ఆగాక "ఆరు గ్రాములు" కంటపడింది. సున్నా, పాయింటు రెండూ ఎగిరిపోయి మోతాదు పది రెట్లయింది. మందు పేరు తప్పయితే రైతు కొట్టుకెళ్లి "ఇదేంటి?" అని అడుగుతాడు. అంకె తప్పయితే ఎవరినీ అడగడు, అది నిజమే అనుకుని కలిపేస్తాడు. అంకెల సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఆ సైకిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

చెవి సరే, ఊహే తేడా

మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ చేసేవి రెండు పనులు. ఒకటి చెవి పని: మీ గొంతులో ఏ శబ్దాలు వచ్చాయో పట్టుకోవడం. రెండోది ఊహ పని: ఆ శబ్దాలకు దగ్గరగా ఉన్న మాటల్లో, ఈ వరసలో ఏది వచ్చే అవకాశం ఎక్కువో లెక్క కట్టడం. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటున్నాయి గానీ, నేర్చుకునేవాళ్లు విడదీసి చూసుకుంటేనే తేలిక.

పై వాక్యంలో చెవి పెద్దగా తప్పు చేయలేదు. ట్రై, సైకిల్, జోల అని పైకి చదవండి. నేను పలికిన శబ్దాలు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. ఊహే దారి తప్పింది. సైకిల్ అనే మాటను అది లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటుంది, ట్రైసైక్లజోల్‌ను ఎప్పుడో ఒకటీ అరా చూసి ఉంటుంది. అందుకని తెలిసినదానికే ఓటు వేసింది.

ఇది అర్థమైతే రెండు అలవాట్లు వాటంతటవే పోతాయి. గట్టిగా అరవడం మొదటిది. చెముడు ఉన్నవాళ్లకు చెప్పినట్టు అరిస్తే గొంతు పోతుందే తప్ప, ఫోన్‌కి తెలియని మాట కొత్తగా తెలియదు. రెండోది ముక్కలు చేసి చెప్పడం. "ట్రై... సైక్ల... జోల్" అన్నారనుకోండి, ఒక్కో ముక్కకూ ఒక్కో మాట వెతికి పెడుతుంది. సైకిల్‌ని మనమే పిలిచి కూర్చోబెట్టినట్టవుతుంది.

తోడు మాట

ఊహే తప్పు చేస్తోంది కాబట్టి ఆ ఊహకే సాయం అందించాలి. పేరును ఒంటరిగా వదలకుండా, అది దేని పేరో చెప్పే మాట పక్కన పెట్టండి. "బీపీటీ వేశాను" కంటే "వరి రకం బీపీటీ 5204 వేశాను" అంటే సరిగ్గా పడే అవకాశం ఎక్కువ. వరి, రకం అన్న మాటలు ముందు వినిపించాక రక్తపోటు, టీ వెనక్కి తగ్గుతాయి. "బాపట్ల సాంబ మసూరి" అని పూర్తిగా అంటే ఇంకా మేలు. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. పరిశోధన కేంద్రం పేరు నుంచి తీసుకున్న అక్షరాలవి. రకానికి జనంలో ఉన్న పేరు ఉంటే నోటితో దాన్నే చెప్పండి. ఎంటీయూ 1010కి కాటన్ దొర సన్నాలు, ఆర్‌ఎన్‌ఆర్ 15048కి తెలంగాణ సోన. నంబరు తర్వాత చేత్తో చేర్చుకోవచ్చు.

ఊళ్ల పేర్లకూ ఇదే వరస. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అని ఒక మండలం ఉంది. ఆ చుట్టుపక్కలే కాళ్ళ అని ఇంకోటి ఉంది. వరిని పీల్చే పురుగు గురించి "కాళ్ళలో సుడిదోమ ఎక్కువగా ఉంది" అని రాసి పంపితే చదివినవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. అందుకే "కాళ్ళ మండలంలో", "ఉండి మండలంలో" అని మండలాన్ని ఎప్పుడూ తోడు పంపండి. ఫోన్‌కీ మంచిది, పాఠకుడికీ మంచిది.

తోడు మాట వల్ల తెలుగులో ఇంకో లాభం ఉంది. మన విభక్తులు పేరుకే అతుక్కుంటాయి. ట్రైసైక్లజోల్ ఒక్కటే దానికి తెలియదంటే ట్రైసైక్లజోల్‌ను, ట్రైసైక్లజోల్‌తో, ట్రైసైక్లజోల్‌కంటే అసలే తెలియవు. "ట్రైసైక్లజోల్ మందుతో" అనండి. ఆ "తో" వెళ్లి మందుకు తగులుకుంటుంది, పేరు పేరులాగే మిగులుతుంది. వాక్యం కాస్త పొడవవుతుంది, అయినా సరే.

బదులు మాట

తోడు మాటతో కూడా లొంగని పేర్లు ఉంటాయి. నా మందుల జాబితాలో సగం అలాంటివే. వాటితో కుస్తీ పట్టకండి. ఆ పేరు బదులు ఫోన్ ఎప్పుడూ తప్పు రాయని మామూలు మాట ఒకటి చెప్పేసి ముందుకు వెళ్లిపోండి. పేజీ మొత్తం అయ్యాక ఆ మాట ఉన్న చోటల్లా అసలు పేరు ఒక్కసారే మార్చేయండి. కంప్యూటర్లో అయితే గూగుల్ డాక్స్ లోనో వర్డ్ లోనో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే వెతికి మార్చే పెట్టె వస్తుంది. ఫోన్‌లో డాక్స్ వాడేవాళ్లకు మూడు చుక్కల మెనూలో అదే ఉంటుంది.

వినడానికి ఇంతే. కానీ బదులు మాట ఎంచుకోవడంలో నేను తిన్న దెబ్బలు మీరు తినకూడదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఎలాగూ ఫోనే సైకిల్ అంది కదా అని మొదట సైకిల్‌నే బదులు మాటగా పెట్టుకున్నాను. పేజీ అయ్యాక సైకిల్ ఉన్న చోటల్లా ట్రైసైక్లజోల్ పెట్టమన్నాను. ఒకచోట అలవాటు కొద్దీ అసలు పేరే పలికేశాను, అక్కడ ఫోన్ "ట్రై సైకిల్ జోల" అని రాసి ఉంది. మార్చాక అది "ట్రై ట్రైసైక్లజోల్ జోల" అయి కూర్చుంది. అసలు పేరులో ఒక ముక్కగా వినిపించే మాటను బదులుగా పెట్టుకోకూడదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ట్రైసైక్లజోల్‌కి హోటల్ అంటాను. "ఎకరాకు నూట ఇరవై గ్రాముల హోటల్ కలిపి పిచికారీ చేయాలి." పక్కనుంచి వినేవాళ్లు ఏమనుకున్నా నాకు అభ్యంతరం లేదు. వరి గురించి రాసే పేజీలో హోటల్ మాట నిజంగా రాదు, ఆ ధైర్యమే కావాలి.

హోటలే ఎందుకంటే, అదీ ట్రైసైక్లజోల్ లాగే ల్ తో ముగుస్తుంది. హోటల్‌ను, హోటల్‌తో అని ఏ విభక్తి తగిలినా మార్చాక అది అసలు పేరుకూ సరిపోతుంది. అత్తిలి అనే ఊరి పేరుకు ఏనుగు అని పెట్టుకున్నారనుకోండి. ఏనుగుకు అన్నది కాస్తా "అత్తిలికు" అవుతుంది. నెమలి అని పెట్టుకుంటే నెమలికి అన్నది అత్తిలికి అవుతుంది, చెయ్యి పెట్టక్కర్లేదు. చివరి అచ్చు కలిస్తే చాలు. ఇల్లు, ఊరు, కన్ను లాంటి మాటలు మాత్రం వద్దే వద్దు. ఇంట్లో, ఊరికి, కంటితో అని అవి రూపమే మార్చేసుకుంటాయి, తర్వాత వెతికితే దొరకవు. బహువచనం కూడా అంతే, హోటళ్లు అన్నారా, హోటల్ అని వెతికినప్పుడు అది తగలదు.

ఇంకో చిక్కు మన లిపిలోనే ఉంది. కాళ్ళ అనీ రాస్తాం, కాళ్ల అనీ రాస్తాం. చదివేవాళ్లకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేర్వేరు మాటలు. ఫుట్‌బాల్ లాంటి మాటల్లో ట్ పొల్లు, బా విడివిడిగా నిలబడటానికి మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. ఒకసారి ఆ గుర్తుతో, ఒకసారి ఖాళీతో వస్తుంది. బదులు మాటలో ళ్ళ ఉండకూడదు, మధ్యలో పొల్లూ ఉండకూడదు. హోటల్, నెమలి, బెలూన్ లాంటివి నిక్షేపం. పైమెట్రోజైన్ అనే సుడిదోమ మందుకి నా బెలూన్ రెండేళ్లుగా పగలకుండా పనిచేస్తోంది.

అంకెలు మాత్రం వేలితోనే

నొప్పి ఉన్నా సరే, మోతాదు అంకెను నేను నోటికి వదలను. చెప్పడం చెప్తాను, తర్వాత ఒక్కో అంకె దగ్గరా ఆగి డబ్బా మీద ఉన్నదానితో సరిచూసి వేలితో దిద్దుతాను. దానికన్నా ముందు చేయగలిగింది ఇంకోటి ఉంది: పాయింటు రాకుండా వాక్యాన్నే మార్చుకోవడం. లీటరుకు 0.6 గ్రాములు అన్నా, ఎకరాకు 200 లీటర్ల నీటిలో 120 గ్రాములు అన్నా లెక్క ఒకటే. రెండోదాంట్లో పోగొట్టుకోవడానికి పాయింటే లేదు. రైతుకూ ఇదే సులువు, ట్యాంకుల లెక్కలోకి మార్చుకుంటాడు.

కంప్యూటర్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లకు

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఇంగ్లీషులో చెప్పి రాయించేవాళ్లకు ఇంత పాట్లు లేవు. 1997లో వచ్చిన డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ తరహా ప్రోగ్రాముల్లో పదాల పట్టిక ఉంటుంది. దానికి కొత్త మాట మనమే నేర్పవచ్చు. ఒక్కో మాటకు రాత రూపం వేరు, పలుకు రూపం వేరు. రాత రూపంలో ఆర్‌ఎన్‌ఆర్ 15048 పెట్టి, పలుకు రూపంలో తెలంగాణ సోన అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే, మీరు తెలంగాణ సోన అన్నప్పుడల్లా నంబరు పడుతుంది. మన బదులు మాట పనే ఇది, కాకపోతే వెతికి మార్చే శ్రమ లేదు. డ్రాగన్‌కి తెలుగు రాదు, అదే లోటు.

అక్షరం అక్షరం చెప్పి రాయించే సదుపాయం కూడా ఇలాంటివాటిలో ఉంటుంది. బీ, పీ, టీ, డీ, ఈ, సీ అన్నీ ఒకే "ఈ" తో ముగుస్తాయి కాబట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి. విమానాలవాళ్లు 1956 నుంచి బీ, పీ, టీ అక్షరాలకు వాడుతున్న బ్రావో, పాపా, టాంగో ఇందుకే పుట్టాయి. బ్యాంకు కౌంటర్ దగ్గర "బీ ఫర్ బాంబే" అనడం కూడా అదే. ఫోన్ కీబోర్డు మైకుకు మాత్రం బ్రావో అంటే బ్రావో అనే రాసి పెడుతుంది, అక్కడ ప్రయత్నించకండి.

ఫోన్ కీబోర్డులో పర్సనల్ డిక్షనరీ అని ఉంటుంది. అందులో పేర్లు ఎక్కించుకోమని చాలామంది సలహా ఇస్తారు. అది వేలితో టైప్ చేసేటప్పుడు పనికొస్తుంది, నోటితో చెప్పేటప్పుడు దాని మీద భరోసా పెట్టుకోకండి. అయినా నేను ఎక్కించుకున్నాను. తప్పు దిద్దేటప్పుడు రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే మొత్తం పేరు పైన కనిపిస్తుంది, తాకితే చాలు. వేలికి అంత పని తగ్గినా తగ్గినట్టే.

ఈ వారం పని

మీరు రోజూ వాడే పేర్లలో ఫోన్ తప్పు రాస్తుందని అనుమానం ఉన్నవి పది తీసుకోండి. ఒక్కోదాన్నీ మూడు రకాలుగా చెప్పండి: ఒంటరిగా, తోడు మాటతో, పూర్తి వాక్యంలో. ఫోన్ ఏం రాసిందో నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు దించండి, నవ్వొచ్చేది అయినా సరే. తప్పులు కూడా ఒక పద్ధతిలో వస్తాయని నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి మీకే కనిపిస్తుంది. మూడు రకాలుగానూ తప్పు వచ్చినవాటికి బదులు మాటలు ఎంచుకుని అదే పేజీలో ఎదురుగా రాయండి. నా పుస్తకంలో మొదటి వరస ఇలా ఉంది: ట్రైసైక్లజోల్, ట్రై సైకిల్ జోల, హోటల్.

ఆ పేజీ ఫోన్ పక్కనే ఉంచుకోండి. ఏ బదులు దేనికో మర్చిపోతే మార్చేటప్పుడు అయోమయం. ఒకసారి నెమలి దేనికి పెట్టానో గుర్తురాక, "ఈ వారం నెమలిలో నాట్లు పూర్తయ్యాయి" అన్న వాక్యం అరగంట నా ముఖం చూస్తూ కూర్చుంది.

ఐదో పాఠంలో రికార్డు చేసిన మాటలను తర్వాత తీరిగ్గా రాతలోకి మార్చడం చూద్దాం. 2022లో వచ్చిన విస్పర్ లాంటి, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లకు పేర్ల జాబితాను ముందే చిన్న చీటీలా అందించే వీలుంది. ఆ చీటీలో చోటు తక్కువ, తెలుగు అక్షరాలు ఇంగ్లీషు కన్నా ఎక్కువ చోటు తింటాయి. ఈ వారం మీరు రాసుకునే పది పేర్లు అక్కడ మళ్లీ కావాలి, పుస్తకం పారేయకండి.