పాత కట్టడాల పునరుద్ధరణకు అవార్డు ఇచ్చే ముందు జాగ్రత్తలు

- ఫొటోలు చూసి మార్కులు వేయకండి. వీలైతే వాన వెలిశాక వెళ్లండి, ఎక్కడ కారుతోందో అప్పుడే బయటపడుతుంది.

- గోడకు దగ్గరగా నిలబడి ఇటుకల మధ్య అతుకులు చూడండి. పాత సున్నపు గోడకు సిమెంటు పట్టించారా? సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఆ తేమ ఇటుకలోంచి దారి వెతుక్కుంటుంది. తేమతో వచ్చిన ఉప్పు పేరుకుని ఇటుక పైభాగం పొరలు పొరలుగా రాలిపోతుంది. పైకి ఎంత అందంగా ఉన్నా ఇలాంటి పనికి నేనైతే ఓటు వేయను.

- కొత్తగా చేర్చిన భాగం పాతదానితో కలిసిపోవాలి, అయినా కొత్తదని తెలియాలి. పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న 1964 నాటి నియమావళి, వెనిస్ చార్టర్, చెప్పేదీ ఇదే. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలనీ అందులో ఉంది.

- పనికి ముందు తీసిన ఫొటోలు, కొలతలు అడగండి.

- దరఖాస్తులో మేస్త్రీల, వడ్రంగుల పేర్లు లేకపోతే అడిగి రాయించండి. ఆ గోడను నిలబెట్టింది వాళ్ల చేతులే.

- కట్టడంతో మీకు సంబంధం ఉంటే ముందే చెప్పి తప్పుకోండి.