వాతావరణం కారణంగా క్రూజ్ రేవులు మారితే: ముందే సిద్ధపడే విధానం

క్రూజ్ టికెట్టు కొనేటప్పుడు పటంలో కనిపించే నాలుగు ఊళ్ల కోసమే డబ్బు కడుతున్నామని చాలామంది అనుకుంటారు. టికెట్టుతో పాటు వచ్చే ఒప్పంద పత్రంలో మాత్రం వేరే మాట ఉంటుంది. వాతావరణం, భద్రత, యంత్రాల మరమ్మతు వంటి కారణాలతో ఏ రేవునైనా వదిలేయడానికి, దాని బదులు ఇంకో రేవుకు వెళ్లడానికి, వేళలు మార్చడానికి కంపెనీకి హక్కు ఉంటుందని, అందుకు పరిహారం ఇవ్వనవసరం లేదని దాదాపు అన్ని పెద్ద కంపెనీల ఒప్పందాల్లోనూ రాసి ఉంటుంది. అంటే మీరు నిజంగా కొన్నది ఓడలో ఒక గది, భోజనం, వినోదం, కొన్ని రాత్రుల ప్రయాణం. రేవులు వాతావరణం అనుకూలిస్తే దక్కేవి. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ఏ నెలలో వెళ్లాలి, ఏ ఓడ ఎక్కాలి, ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి అన్న నిర్ణయాలు తేలికవుతాయి. ఫలానా ఊరు చూడటమే అసలు కోరిక అయితే విమానంలో వెళ్లి ఆ ఊళ్లోనే బస చేయడం మేలని నా అభిప్రాయం.

ఎండ కాస్తున్నా రేవు ఎందుకు రద్దవుతుంది

ప్రయాణికులకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే సందర్భం ఇదే. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, తీరం ఎదురుగానే కనిపిస్తుంటుంది, అయినా పొద్దున్నే కెప్టెన్ మైకులో ఈ రోజు ఇక్కడ ఆగడం లేదని ప్రకటిస్తాడు. ఇక్కడ అడ్డం పడేది వాన కాదు, గాలి. నేటి పెద్ద ఓడల్లో కొన్ని ఇరవై అంతస్తుల ఎత్తు ఉంటాయి. ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు. అంత విశాలమైన పక్కభాగం గాలికి తెరచాపలా పనిచేస్తుంది. పైగా గాలి వేగం 20 నాట్ల నుంచి 30 నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) పెరిగితే ఓడ మీద పడే ఒత్తిడి ఒకటిన్నర రెట్లతో ఆగదు, రెండింతలు దాటిపోతుంది. నడిసముద్రంలో వేగంగా సాగిపోతున్న ఓడకు అది పెద్ద విషయం కాదు. వేగం దాదాపు సున్నాకు తగ్గించి, ముందుభాగంలో అడ్డంగా అమర్చిన ప్రొపెల్లర్లతో ఓడను అంగుళం అంగుళం జరుపుతూ గట్టుకు చేర్చే అరగంటలోనే ఆ గాలి ప్రమాదకరమవుతుంది. రేవులోకి దారి చూపే స్థానిక పైలట్, రేవు అధికారి, కెప్టెన్, ఈ ముగ్గురిలో ఎవరు వద్దన్నా ఓడ లోపలికి వెళ్లదు.

ప్రయాణికుల దృష్టికి రాని మరో లెక్క కూడా ఉంది. ఉదయం లోపలికి వెళ్లడం సాధ్యమే కావచ్చు, కాని మధ్యాహ్నం గాలి పెరుగుతుందని సూచన ఉంటే సాయంత్రం బయటపడటం కష్టమవుతుంది. ఓడ గట్టుకు కట్టేసి ఉండగా దూరపు తుపాను పంపిన పొడవాటి కెరటాలు రేవులోకి చొరబడితే లావుపాటి మోకులు కూడా తెగిపోతాయి. అందుకే కెప్టెన్ నిర్ణయం చాలాసార్లు కిటికీలోంచి మనకు కనిపించే సముద్రాన్ని బట్టి కాక, ఇంకో ఆరు గంటల తర్వాతి సముద్రాన్ని బట్టి ఉంటుంది.

ఓడ గట్టుకు చేరలేని చోట్ల పరిస్థితి ఇంకా సున్నితం. గ్రాండ్ కేమన్ దీవిలోని జార్జ్‌టౌన్, మధ్య అమెరికాలోని బెలీజ్ సిటీ, మెక్సికోలోని కాబో సాన్ లూకాస్, గ్రీస్‌లోని సాంటొరీని, ఫాక్‌లాండ్ దీవుల్లోని స్టాన్లీ వంటి చోట్ల పెద్ద ఓడ తీరానికి దూరంగా నిలబడుతుంది. ప్రయాణికులను టెండర్ అనే చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. ఓడ పక్కన తెరిచిన తలుపు దగ్గర చిన్న వేదిక ఉంటుంది. దాని పక్కన బోటు ఒక మీటరు లేస్తూ, ఒక మీటరు దిగుతూ ఉంటే, ఇద్దరు సిబ్బంది ప్రయాణికుడి మోచేతులు పట్టుకుని, బోటు వేదికకు సమానంగా వచ్చిన క్షణం చూసి, అడుగు వేయమంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి ఆ క్షణం ఎంత కష్టమో ఊహించవచ్చు. కెరటం కాస్త పెరిగితే ఆ ఊరు రద్దయినట్టే. గ్రాండ్ కేమన్‌లో పడమటి వైపు జార్జ్‌టౌన్ దగ్గర సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు దక్షిణ తీరంలోని స్పాట్స్ అనే చోటికి వెళ్లి అక్కడ దింపడానికి ప్రయత్నిస్తాయి. అక్కడా వీలు కాకపోతే మరో దారి లేదు. కనుక బుక్ చేసే ముందు ప్రతి రేవు పక్కన టెండర్ అనే మాట ఉందేమో చూడండి. తల్లిదండ్రులను తీసుకువెళ్తుంటే, నాలుగు రేవుల్లో మూడు టెండర్ రేవులున్న ప్రయాణాన్ని నేనైతే ఎంచుకోను.

టెండర్ అవసరం లేనంత మాత్రాన రేవు ఖాయమని అనుకోకూడదు. బహామాస్‌లోని కోకోకే దీవిలో ఓడను కట్టేసేందుకు గట్టు ఉంది, కాని చలికాలంలో అమెరికా వైపు నుంచి దిగే చల్లగాలులు అక్కడ బలంగా తగులుతాయి కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా రద్దులు కొత్త కాదు. మెక్సికోలోని కోజుమెల్‌కూ ఉత్తరపు గాలుల బెడద అప్పుడే. ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టు నెలల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి మికొనోస్, సాంటొరీని రేవులను ఇబ్బంది పెడుతుంది. అంటే తుపానుల కాలం తప్పించుకున్నవారు గాలుల కాలంలో చిక్కుకోవచ్చు.

తుపాను పుట్టినప్పుడు పటం ఎలా మారుతుంది

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు; ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉధృతి ఎక్కువ. హరికేన్ సాధారణంగా 10, 15 నాట్ల వేగంతో కదులుతుంది. ఓడ 20 నాట్లకు, అంటే గంటకు 37 కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు. అందుకే ఓడ తుపానులో చిక్కుకోవడం అరుదు, తుపానును తప్పించుకుని ఇంకో వైపు వెళ్లిపోవడం మామూలు. కరీబియన్‌లో దీని అర్థం సాధారణంగా ఒక్కటే: కోజుమెల్, గ్రాండ్ కేమన్, జమైకా ఉన్న పడమటి ప్రయాణం కాస్తా సాన్ హువాన్, సెయింట్ థామస్, బహామాస్ రాజధాని నాసా ఉన్న తూర్పు ప్రయాణంగా మారుతుంది, లేదా తూర్పుది పడమటిదవుతుంది.

ఇలా తప్పించుకోకపోతే ఏమవుతుందో 2016 ఫిబ్రవరిలో కనిపించింది. న్యూజెర్సీ నుంచి బహామాస్‌కు బయలుదేరిన ఆంథెమ్ ఆఫ్ ద సీస్ అనే ఓడ అమెరికా తూర్పు తీరంలోని హటెరస్ అంతరీపం దగ్గర తీవ్రమైన తుపానులో చిక్కి, ప్రయాణికులు గంటల తరబడి గదుల్లోనే ఉండిపోవలసి వచ్చి, చివరికి రేవులేవీ చూడకుండానే వెనక్కి తిరిగింది. కంపెనీ టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చింది, ఆ తర్వాత సొంతంగా ఒక ప్రధాన వాతావరణ నిపుణుడిని నియమించుకుంది. ఈ సంగతి తెలిసినవారు రేవు తప్పినందుకు కెప్టెన్ మీద అంతగా విసుక్కోరు.

బయలుదేరడానికి వారం ముందు నుంచి అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకొకసారి ఇచ్చే సూచనలను చూడటం అలవాటు చేసుకోండి. ఆ పటంలో గరాటు ఆకారంలో గీసేది తుపాను కేంద్రం వెళ్లగల దారి మాత్రమే. గాలులు, కెరటాలు దానికి వందల కిలోమీటర్ల అవతల కూడా ఉంటాయి. గరాటు మీ రేవును తాకలేదని నిశ్చింతగా ఉండటం తగదు. బయలుదేరే రేవు విషయంలో అమెరికా కోస్ట్‌గార్డ్ ప్రకటించే స్థాయిలు ఇంకా ఉపయోగకరం. పెనుగాలులు 72 గంటల్లో రావచ్చునంటే విస్కీ, 48 గంటలకు ఎక్స్‌రే, 24 గంటలకు యాంకీ, 12 గంటలకు జూలూ. యాంకీ నాటికి లోపలికి వచ్చే ఓడలను ఆపేస్తారు, జూలూలో రేవు పూర్తిగా మూతపడుతుంది. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మూడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరికలు ఎగరేశారని పత్రికల్లో చదివే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

హ్యూస్టన్, డాలస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు దగ్గరి రేవు గాల్వెస్టన్. 2017 ఆగస్టులో హరికేన్ హార్వీ కారణంగా ఆ రేవు మూతపడినప్పుడు తిరిగి రావలసిన ఓడలు సముద్రం మీదే ఉండిపోయాయి; కొన్ని న్యూఆర్లీన్స్‌కు, ఒకటి మయామికి వెళ్లాయి. కారు గాల్వెస్టన్ పార్కింగులో, మనిషి మయామిలో అన్నమాట. సెప్టెంబరులో చవకగా దొరికే టికెట్ల వెనుక ఈ అవకాశం కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మన దేశంలోనూ ఓడల ప్రయాణాలను నడిపేది రుతువులే. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం ఉగ్రంగా ఉంటుంది కనుక ముంబై నుంచి నడిచే ఓడ ఆ నెలల్లో చెన్నై, విశాఖపట్నం వైపు వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. లక్షద్వీప్ ఉన్న ప్రయాణం తీసుకుంటే, అక్కడ ఒడ్డుకు చేరడం చిన్న బోట్ల మీద ఆధారపడి ఉంటుందని ముందే తెలుసుకోండి.

కాగితాలు: కొత్త పటానికి కూడా సరిపోవాలి

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు అందరికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇక్కడే, మామూలు క్రూజ్ సలహాల్లో కనిపించనిదీ ఇదే. విదేశీ జెండా కింద నడిచే ఓడ ఒక అమెరికా రేవు నుంచి బయలుదేరి అదే రేవుకు తిరిగి రావాలంటే మధ్యలో కనీసం ఒక విదేశీ రేవులో ఆగాలని 1886 నాటి అమెరికా చట్టం నిర్దేశిస్తుంది. అందువల్ల ఒక విదేశీ రేవు రద్దయితే కంపెనీ ఇంకో విదేశీ రేవును వెతుక్కుంటుంది. 2023 డిసెంబరులో న్యూయార్క్ నుంచి ఫ్లోరిడా, బహామాస్‌లకు వెళ్లవలసిన ఎమ్మెస్సీ మెరావిలియా అనే ఓడ తూర్పు తీరంలోని తుపాను వల్ల దిశ మార్చుకుని బోస్టన్, పోర్ట్‌లాండ్, ఆపైన కెనడాలోని సెయింట్ జాన్‌కు వెళ్లింది. ఈత దుస్తులు సర్దుకున్నవారు స్వెట్టర్లు వెతుక్కోవలసి వచ్చిన సంగతిని అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు. భారతీయుల దృష్టిలో అసలు ప్రశ్న స్వెట్టరు కాదు, కెనడా వీసా. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి అది అక్కర లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న భారతీయులకు, బీ-2 సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు కావాలి.

ఇంకో చిక్కు పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తీరిపోయిన హెచ్-1బీ ఉద్యోగులది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ప్రవేశ రికార్డు) చెల్లుబాటులో ఉంటే, 30 రోజుల్లోపు మెక్సికో లేదా కెనడా వెళ్లి వచ్చేవారికి పాత స్టాంపుతోనే తిరిగి ప్రవేశించే వెసులుబాటు ఉంది. దాన్ని నమ్ముకుని కోజుమెల్ ప్రయాణం కొంటారు. తుపాను వచ్చి కోజుమెల్ బదులు నాసాకు వెళ్తే ఆ వెసులుబాటు వర్తించదు, ఎందుకంటే చదువుకునే ఎఫ్ వీసా, జె వీసా వారికి మాత్రమే అది కరీబియన్ దీవులకు కూడా విస్తరిస్తుంది. కనుక స్టాంపు గడువు తీరినవారు తుపానుల కాలంలో అసలు ఓడ ఎక్కకపోవడమే మంచిది. వెళ్లి తీరాలంటే ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి వెళ్లండి. యూరప్ ప్రయాణానికి షెంగెన్ వీసా తీసుకునేటప్పుడు బహుళ ప్రవేశ వీసానే అడగండి. షెంగెన్ పరిధి బయటి టర్కీ రేవు ఒకటి కొత్తగా చేరినా, ఒక గ్రీకు రేవు తగ్గినా ప్రవేశాల లెక్క మారిపోతుంది.

డబ్బు విషయం

రేవు రద్దయితే ఆ రేవుకు సంబంధించిన పన్నులు, రుసుములు సాధారణంగా మీ ఓడ ఖాతాలో జమ అవుతాయి. ఓడ ద్వారా కొన్న విహారాల (రేవులో దిగి చేసే పర్యటనల) సొమ్ము కూడా దానంతట అదే తిరిగి వస్తుంది. టికెట్టు ధరలో భాగం ఏదీ రాదు. బయట కొన్న విహారాల్లో ఓడ రాకపోతే పూర్తి సొమ్ము వాపసు అన్న షరతు రాసి ఉందో లేదో చూసి మాత్రమే కొనాలి. ఆ మాట ఫోనులో చెప్పడం చాలదు. ప్రయాణ బీమాను తుపానుకు పేరు పెట్టకముందే తీసుకోవాలి, పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపాను నష్టాన్ని భరించదు. తప్పిన రేవుకు కొంత మొత్తం ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి కాబట్టి ఆ మాట పాలసీ పత్రంలో వెతకండి. రేవులు మారాయని మీరే ప్రయాణం మానుకుంటే మామూలు పాలసీలు ఏమీ ఇవ్వవు.

ప్రకటన విన్న తర్వాత

రేవు రద్దయిందని చెప్పిన పది నిమిషాల్లో ఓడలోని నాలుగైదు వేల మంది ఒకే పని మీద పడతారు. కాబట్టి ముందుగా ఓడ యాప్ తెరిచి కొత్త రేవులోని విహారాలు, ఆ మధ్యాహ్నం ప్రత్యేక రెస్టారెంటులో చోటు, పిల్లల కార్యక్రమాలు బుక్ చేసుకోండి. విచారణ కౌంటరు ముందు వరుసలో నిలబడినంత మాత్రాన రేవు తిరిగి రాదు. ఒడ్డున మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరుకు, గైడుకు వెంటనే సందేశం పంపండి. ఫోను మాత్రం ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచి ఓడ వైఫై వాడండి, లేకపోతే ఓడ మీది మొబైల్ నెట్‌వర్క్ బిల్లు విహారం ఖర్చును మించిపోవచ్చు. వికారం తగ్గించే మాత్రలు సముద్రం ఊగడం మొదలయ్యాక కాక ముందే వేసుకోవాలి. ఇతర మందులు వాడే పెద్దవారు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకోవాలి. గది ఎంచుకునేటప్పుడే కింది అంతస్తుల్లో, ఓడ నడుమ ఉన్నదాన్ని తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది.

చివరి రోజు ఆలస్యాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. చలికాలంలో గాల్వెస్టన్, టాంపా, న్యూఆర్లీన్స్ రేవుల కాలువల్లో పొగమంచు కమ్మితే పైలట్లు రాకపోకలు ఆపేస్తారు, ఓడ బయటే గంటల కొద్దీ ఎదురుచూస్తుంది. దిగే రోజు ఉదయపు విమానం ఎప్పుడూ కొనవద్దు. మధ్యాహ్నం తర్వాతిదీ, అదనపు రుసుము లేకుండా మార్చుకోగలిగేదీ తీసుకోండి. ఎక్కే రోజు విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి: ముందు రోజే ఆ ఊరు చేరండి, ఎందుకంటే తుపానుకు ముందు కొన్నిసార్లు ఓడ ప్రకటించిన వేళకన్నా ముందే బయలుదేరుతుంది. ఆ కబురు కంపెనీ మీకు పంపేది బుకింగులో రాసిన ఫోను నంబరుకే, ఈమెయిలుకే. ఏజెంటు ద్వారా కొన్నవారు అక్కడ ఏజెంటు నంబరు కాక తమ సొంత నంబరు ఉందో లేదో ఈ రోజే చూసుకోవాలి.