సలేశ్వరం పోయే అరవై దాటిన వాళ్లకు

చైత్ర పౌర్ణమి దగ్గర పడుతుందంటే మా పాలమూరులో పెద్దవాళ్ల మనసు కూడా సలేశ్వరం వైపు లాగుతుంది. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల లింగమయ్య (శివుడు) కొలువున్న లోయ అది. జాతర ఆ కొద్ది రోజులే. బండ్లు ఆగిన దగ్గర నుంచి రాళ్ల దారిలో నడకే.

గుట్ట మీది గుడికైతే ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ హుషారుగా దిగుతాం. ‘పోతున్నాం లింగమయ్యా’ అనే వేళకు ఎండ నెత్తికెక్కి ఉంటుంది, సీసాలో నీళ్లు అడుగంటుతాయి, ఎక్కుడేమో అప్పుడే మొదలవుతుంది. అందుకే తెల్లవారకముందే బయలుదేరి, నీళ్లు సగానికి పైగా తిరుగుదారికి దాచుకోవాలి.

మొదటిసారి పోయినప్పుడు నేను రెండు నెలలు గ్రౌండ్ చుట్టూ తిరిగి, అదే ప్రాక్టీసు అనుకున్నాను. దిగుడులో తొడలు వణికాయి. ఇంటికొచ్చాక మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాను, మనవరాలు ఒకటే నవ్వు! దిగేటప్పుడు ఒళ్లు బరువంతా ఆపాల్సింది తొడ కండరాలే. చదును నేల మీద నడిస్తే వాటికి ఆ పని అలవాటు కాదు. నల్లగొండ వాళ్లకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది, మాకు కోయిలకొండ కోట ఉంది. వారానికి రెండుసార్లు మెల్లగా ఎక్కి, అంతకంటే మెల్లగా దిగండి. ఎక్కుతుంటే ఛాతీ బరువెక్కినా, ఎడమ చేయి లాగినా వెంటనే ఆగి డాక్టరును కలవండి. జాతర వచ్చే ఏడు కూడా ఉంటుంది.

షుగర్ మాత్ర వేసుకుని ఉపవాసంతో నడవడం అన్నిటికంటే ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే భక్తి పారవశ్యం అనుకోకండి, షుగర్ పడిపోతోంది. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండలో వాటి సంగతేమిటో ముందే డాక్టరును అడగండి. ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, ఉత్త పొడి నోట్లో పోసుకోవద్దు.

కొత్త బూట్లు వద్దు, కాలికి అలవాటైనవే వేసుకోండి. గోళ్లు తీసుకోండి, లేకపోతే దిగుడులో బొటనవేలు నల్లబడుతుంది. చేతికర్ర సిగ్గుపడే వస్తువు కాదు.

లోయలో ఫోను పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. జనంలో విడిపోతే ఎక్కడ కలవాలో బండి దిగినప్పుడే అనుకోండి. మందుల పేర్లు, ఇంటి నంబరు రాసిన చీటీ చొక్కా జేబులో పెట్టుకోండి, సంచిలో కాదు. సంచి ఎప్పుడూ మనవడి భుజం మీదే ఉంటుంది, వాడేమో ముందే పోయి ఉంటాడు.