చరిత్ర పాఠం పాత శుభలేఖతో మొదలుపెట్టండి

విజయవాడలో ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెప్పే టీచర్లకు ఒక చిట్కా. రాజవంశాల పేర్లు మొదలుపెట్టేముందు, పిల్లల్ని ఇంట్లో ఉన్న పాత శుభలేఖలు ఒకటో రెండో తెమ్మనండి. అమ్మమ్మ పెట్టెలో కచ్చితంగా దొరుకుతాయి.

శుభలేఖలో ఇంగ్లిష్ తేదీని కాగితంతో మూసేసి, అది ఏ సంవత్సరానిదో కనిపెట్టమనండి. 'శ్రీ క్రోధి నామ సంవత్సరం' అని ఉందనుకోండి. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి అది 1964 ఉగాదితో మొదలైనదైనా కావచ్చు, 2024దైనా కావచ్చు. ఏది? అక్కడే అసలు పాఠం ఉంది. సెల్ నంబరు ఉందా? అడ్రసులో కృష్ణా జిల్లా అని ఉందా, ఎన్టీఆర్ జిల్లా అనా? ఎన్టీఆర్ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, అంతకుముందు కార్డు మీద ఆ పేరు ఉండే అవకాశమే లేదు. ఆధారం అంటే ఏమిటో, కాలక్రమం అంటే ఏమిటో పిల్లలకు నిర్వచనం చెప్పకుండానే అర్థమవుతుంది.

తర్వాత అదే కార్డులో సంస్కృతి గురించి అడగండి. అంచులకు పసుపు ఎందుకు రాస్తారు? పెళ్లి ఇంటి దగ్గరా, ఫంక్షన్ హాల్లోనా? ఏది మారింది, ఏది మారలేదు? ఈ ప్రశ్నలకు తొందరపడి మీరే జవాబు చెప్పేయకండి, ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మనండి.

ఇదయ్యాక ఉండవల్లి గుహలకు తీసుకెళ్లండి. అక్కడా ముందు చూడనివ్వండి, బోర్డు తర్వాత చదివించండి.