ఫుట్‌బాల్ రిఫరీయింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఫౌల్ సరే, కార్డు ఏది?

పోయిన పాఠంలో గ్రౌండులో ఎక్కడ నిలబడాలి, బంతితో పాటు ఎటు కదలాలి అన్నది చూశాం. ఆదివారం ఏదైనా మ్యాచ్‌కి వెళ్ళి విజిల్ లేకుండా గీత బయట నడుస్తూ ప్రాక్టీస్ చేయమన్నాను. చేయకపోతే ముందు అది చేసి రండి, ఎందుకంటే ఇవాళ చెప్పేదంతా దగ్గరగా, పక్క నుంచి చూసినవాళ్ళకే పనికొస్తుంది.

ఫౌల్ పట్టుకోవడం నిజానికి అంత కష్టం కాదు. విజయవాడలో ఏ గ్రౌండులోనైనా గట్టు మీద కూర్చున్న పిల్లాడు కూడా "ఫౌల్!" అని అరుస్తాడు, చాలాసార్లు కరెక్టుగానే అరుస్తాడు. కష్టమంతా విజిల్ వేశాక వచ్చే రెండు సెకన్లలో ఉంది. ఉత్త ఫ్రీ కిక్కేనా (దెబ్బ తిన్న టీమ్‌కి బంతి ఇచ్చి తన్నించడం), పసుపు కార్డా (హెచ్చరిక), ఎరుపు కార్డా (ఆట నుంచి బయటికి)?

ఆట నియమాల్లో 12వది ఫౌళ్ళ గురించి. బంతి కోసం వెళ్ళి ఎదుటివాణ్ణి పడేసిన ఆటగాణ్ణి అది మూడు మెట్లలో ఒకదాని మీద నిలబెడుతుంది. అజాగ్రత్తగా వెళ్తే ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా దుడుకుగా వెళ్తే పసుపు. అవసరానికి మించిన బలంతో, అవతలివాడి ఒంటికి ముప్పు తెచ్చేలా వెళ్తే ఎరుపు. బందరు రోడ్డు మీద రోజూ చూసేదే ఇది. అద్దం చూసుకోకుండా పక్కకి తిరిగి మన హ్యాండిల్‌కి తగిలించేవాడు ఒకడు, జనం ఉన్నారని తెలిసీ సందుల్లో దూరిపోయేవాడు ఒకడు, ఎదురుగా మనిషి కనిపిస్తున్నా బ్రేకు వేయనివాడు ఇంకొకడు. ముగ్గురూ తగిలించినవాళ్ళే, కానీ ముగ్గురినీ ఒకే గాటన కట్టలేం కదా.

రోడ్డు మాట ఊరికే తేలేదు, ఈ కార్డులు పుట్టిందే ట్రాఫిక్ సిగ్నల్ నుంచి. 1966 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని జర్మన్ రిఫరీ బయటికి పొమ్మంటే ఒకరి భాష ఒకరికి తెలియక పెద్ద గందరగోళం అయింది. అప్పట్లో రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్ తర్వాత లండన్‌లో కారులో వెళ్తూ సిగ్నల్ పసుపు నుంచి ఎరుపుకి మారడం చూశాడు, ఆ రెండు రంగులే 1970 మెక్సికో వరల్డ్ కప్‌లో కార్డులై వచ్చాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

సరే, ఏ మెట్టో ఎలా తేల్చాలి? చూపు కింద నుంచి మొదలుపెట్టండి. ముందు కాలు: బూటు అడుగున ఉండే మొనలు, అంటే స్టడ్స్, నేల వైపు ఉన్నాయా, ఎదుటివాడి వైపు లేచి ఉన్నాయా? మోకాలు కొంచెం వంగి ఉందా, కర్రలా బిగుసుకుందా? వంగిన కాలు తగలగానే కాస్త సడలుతుంది, బిగుసుకున్న కాలు మాత్రం ఆ బరువంతా అవతలివాడి ఎముక మీద వేస్తుంది. తగిలింది పాదానికా, చీలమండకా, మోకాలి దగ్గరా? తర్వాత ఎంత దూరం నుంచి, ఎంత వేగంతో వచ్చాడు? చివరికి బంతి: ఆ క్షణంలో అది అతనికి అందేంత దూరంలో ఉందా, లేక అప్పటికే వెళ్ళిపోయిందా? ఇవన్నీ మొదట్లో విడివిడిగా చూడాల్సి వస్తుంది, ఓ ఇరవై ముప్పై మ్యాచ్‌లయ్యాక ఒకేసారి కంట పడతాయి.

"సార్, బంతికే తగిలింది సార్!" అనే మాట మీరు రోజూ వింటారు. తగిలి ఉండొచ్చు. బంతిని తాకి, అదే ఊపులో స్టడ్స్‌తో కాలి మీదికి ఎక్కితే అది కూడా ఎరుపే. బంతి తగిలినంత మాత్రాన తప్పు మాఫీ కాదు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఈ పాఠం రాయడానికి అసలు కారణం అదే. మూడేళ్ళ కిందట గుంటూరులో ఒక కాలేజీ గ్రౌండు, మే నెల, గడ్డి మొత్తం ఎండిపోయి కంకర తేలింది. సెంటర్ సర్కిల్ దగ్గర ఒక కుర్రాడు బంతిని పక్కకి పాస్ చేసేశాడు. అది వెళ్ళిపోయాక అవతలి టీమ్ డిఫెండర్ ఆరేడు గజాల నుంచి జారుకుంటూ, కాలు బిగించి, స్టడ్స్ పైకి పెట్టి వచ్చాడు. టప్పుమని శబ్దం, దుమ్ము. నేను ఎరుపు కార్డు మీద చెయ్యి వేశాను కూడా. కానీ కింద పడిన పిల్లాడు వెంటనే లేచి కూర్చుని "ఏం కాలేదు సార్" అన్నాడు, కొట్టినవాడే చెయ్యిచ్చి లేపి భుజం తట్టాడు. నా మనసు మెత్తబడింది. పసుపు చూపించాను.

హాఫ్ టైమ్‌లో వేపచెట్టు కింద ఆ పిల్లాడు సాక్స్ కిందికి దించాడు. షిన్ ప్యాడ్ అంచుకి కొంచెం పైన, మోకాలి కింద నాలుగు గుంటలు, వరసగా, ఒకదాంట్లో నెత్తురు గడ్డకట్టి మట్టి అంటుకుని ఉంది. వాడి టీమ్ మొత్తం చుట్టూ నిలబడి ఆ గుంటల్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకే వాళ్ళలో ఒకడు బంతి ఎక్కడో ఉండగా ఆ డిఫెండర్‌ని వెనక నుంచి తన్నాడు, ఇంకో ఇద్దరు కలబడ్డారు, ముగ్గుర్ని బయటికి పంపాల్సి వచ్చింది. తన్నినవాడిది తప్పే, కానీ దానికి దారి వేసింది నేను. రిఫరీ తూకం వేయకపోతే ఆటగాళ్ళు తామే లెక్క తేల్చుకుంటారు. నేను కాలిని చూడాల్సిన చోట ముఖాన్ని చూశాను. లేచాడా, ఏడ్చాడా, సారీ చెప్పాడా, ఇవేవీ కార్డు రంగుని మార్చకూడదు.

పెద్ద రిఫరీలకీ ఇలాంటివి తప్పిపోయాయి. 1982 జులై 8, సెవిల్, వరల్డ్ కప్ సెమీఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ ఒక్కడే గోల్ వైపు దూసుకెళ్ళి బంతిని తన్నాడు, జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఎగిరి వచ్చి అతని ముఖాన్ని ఢీకొట్టాడు. బంతి గోల్ పక్కగా బయటికి పోయింది. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్ళు రాలాయి, వెన్నుపూస దెబ్బతింది. షూమాకర్‌కి కార్డు లేదు, అసలు ఫౌలే ఇవ్వలేదు, ఆట గోల్ కిక్‌తో, అంటే బంతి జర్మనీకే ఇచ్చి, మొదలైంది. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పుతుంది. మీరు నేర్చుకోవాల్సింది ఇది: బంతి కాలి నుంచి వెళ్ళాక కూడా ఒక సెకను ఆ ఇద్దరి మీదే కళ్ళు ఉంచండి. బంతి ఎటు పోయినా మళ్ళీ దొరుకుతుంది.

బంతితో సంబంధం లేకుండా కొట్టడం వేరే లెక్క. అక్కడ ఈ మూడు మెట్లు లేవు, కొట్టినా, గట్టిగా కొట్టబోయినా నేరుగా ఎరుపే. 2006 వరల్డ్ కప్, బెర్లిన్ ఫైనల్, 110వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాటెరాజ్జీ ఛాతీని గుద్దినప్పుడు రిఫరీ ఎలిజోండో చూపు వేరేచోట ఉంది, గీత బయట ఉండే నాలుగో అధికారి చెప్పాకే కార్డు తీశాడు. అది జిదాన్ చివరి మ్యాచ్. మాటెరాజ్జీ ఏదో అన్నాడు నిజమే, కానీ రెచ్చగొట్టినందుకు గుద్దిన తప్పు తగ్గదు. మన ఆదివారం మ్యాచ్‌ల్లో నాలుగో అధికారి ఉండడు కాబట్టి ఆట ఆగగానే రెండడుగులు వెనక్కి వేసి, ఎక్కువమంది కనపడేలా నిలబడండి.

మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవద్దు. 1998 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ లీగ్‌లో ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో, ఎరుపు కార్డు చూపించిన రిఫరీనే ఇటలీ ఆటగాడు డి కానియో నెట్టి పడేశాడు, 11 మ్యాచ్‌ల నిషేధం పడింది. అదే డి కానియో 2000 డిసెంబర్‌లో ఎవర్టన్ మీద ఆడుతూ, 1–1 స్కోరు ఉండగా, ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టే బంతి తన మీదికి వస్తే చేతుల్తో పట్టేసుకున్నాడు, అవతలి గోల్‌కీపర్ దెబ్బ తగిలి కింద పడి ఉన్నాడని. ప్రత్యర్థి అభిమానులు లేచి చప్పట్లు కొట్టారు, ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. ఈ రెండు మ్యాచ్‌లకీ మీరే రిఫరీ అనుకోండి. మొదటిది గుర్తుపెట్టుకుని రెండో మ్యాచ్‌కి వెళ్తే అతని ప్రతి ట్యాకిల్‌లో దౌర్జన్యమే కనిపిస్తుంది. "వాడు అలాంటోడే" అనే మాట గ్రౌండు బయటే వదిలేసి రండి.

ఈ వారం పని. టీవీలోనో ఫోన్లోనో ఒక పూర్తి మ్యాచ్ పెట్టుకుని సౌండు తీసేయండి, కామెంటరీ వింటే మీ తీర్పు మీది కాదు. ఫౌల్ జరగగానే ఆపి నోట్‌బుక్‌లో రాయండి: ఎంత దూరం, స్టడ్స్ ఎటు, ఎక్కడ తగిలింది, బంతి అందేదేనా, మీ కార్డు ఏది. ఆ తర్వాతే రీప్లే. స్లో మోషన్‌ని ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికే వాడండి, ఎంత బలంగా వచ్చాడన్నది మామూలు వేగంలోనే తేల్చండి, నెమ్మదిగా చూస్తే ప్రతి ట్యాకిల్ కావాలని చేసినట్టే ఉంటుంది. పది ఫౌళ్ళు రాయండి. మ్యాచ్ రిఫరీకీ మీకూ తేడా వచ్చినవాటి పక్కన గుర్తు పెట్టండి.

5వ పాఠంలో ఫ్రీ కిక్ చూద్దాం: త్వరగా తన్ననివ్వడం ఎప్పుడు, విజిల్ దాకా ఆగమనడం ఎప్పుడు. 2023 మార్చి 3న బెంగళూరులో ఆ ఊరి టీమ్ ఆటగాడు సునీల్ ఛెత్రీ, ఎదుటి టీమ్ గోడ (బంతికి అడ్డంగా నిలబడే ఆటగాళ్ళ వరస) సర్దుకోకముందే గోల్ కొట్టడం, ఆ ఎదుటి టీమ్ కేరళ బ్లాస్టర్స్ మొత్తం గ్రౌండు వదిలి వెళ్ళిపోవడం, తర్వాత 4 కోట్ల రూపాయల జరిమానా పడటం, అంతా దాని చుట్టూనే జరిగింది. ఆ క్లిప్ ఒకసారి చూసి రండి, ఛెత్రీని కాదు, ఆ కిక్‌కి ముందు రిఫరీ ఎక్కడున్నాడో, చేతితో ఏం చెప్తున్నాడో చూడండి.