సర్ఫ్ బోర్డు మీద నిలబడగానే పడిపోతున్నారా?

వైజాగ్ ఋషికొండలో గానీ, చెన్నై దగ్గర కోవళంలో గానీ కొత్తగా సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు రెండుసార్లు పడగానే "నాకు బ్యాలెన్స్ లేదండీ" అనేస్తారు. బ్యాలెన్స్ అందరికీ ఉంటుంది. చాలాసార్లు తప్పు నిలబడ్డాక జరగదు, బోర్డు మీద బోర్లా పడుకున్నప్పుడే జరిగిపోయి ఉంటుంది. నడుము లోతు నీళ్లలో, విరిగి వచ్చే నురుగు అలల మీద, 8-9 అడుగుల ఫోమ్ బోర్డుతో నేర్చుకునేవాళ్ల కోసం ఇది.

అల తాకగానే బోర్డు ముక్కు నీళ్లలో దిగబడుతోంది

మరీ ముందుకు పడుకున్నారన్నమాట. కొంచెం వెనక్కి జరగండి. ముక్కు నీటికి రెండు మూడు అంగుళాలు పైన ఉంటే చాలు. అలాగని మరీ వెనక్కి జరిగితే ముక్కు ఆకాశం చూస్తుంది, అల మిమ్మల్ని వదిలేసి కిందనుంచి వెళ్లిపోతుంది. సరైన చోటు దొరికాక మీ గడ్డం బోర్డు మీద ఎక్కడికి వస్తోందో గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ అక్కడే పడుకోండి.

లేస్తూ లేస్తూనే పక్కకి ఒరిగిపోతున్నారు

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. ముందు చేతులు చూసుకోండి. భయంతో బోర్డు అంచులు గట్టిగా పట్టుకుని లేస్తే, ఏ చేతి మీద బరువు ఎక్కువ పడితే బోర్డు అటే ఒరుగుతుంది. అరచేతులు పక్కటెముకల దగ్గర, బోర్డు మీద పరిచి ఆనించాలి. తర్వాత మోకాళ్లు. ఒక మోకాలు ఆనించి, ఆగి, నెమ్మదిగా లేవడం సులువనిపిస్తుంది గానీ, ఆ ఆగిన క్షణంలో బరువంతా ఒక పక్కకే పోతుంది. చేతులతో నొక్కి ఛాతీ లేపి, రెండు పాదాలూ ఒక్క ఊపులో ఒంటి కిందికి లాక్కోవాలి. పాదాలు బోర్డు మధ్య నిలువు గీతకు అడ్డంగా, ఆ గీత అరికాలి నడుమ నుంచి పోయేలా పడాలి. ఇది నీళ్లలో నేర్చుకునే పని కాదు. ఇసుకలో బోర్డు ఆకారం గీసుకుని, చూడకుండా పాదాలు సరైన చోట పడేదాకా చేయండి.

నిలబడ్డారు, కానీ తల ముందు పెట్టి పడిపోతున్నారు

పాదాలు చూసుకుంటున్నారు. తల వంగితే భుజాలు వంగుతాయి, వాటి వెంట ఒళ్లంతా వస్తుంది. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టో, గొడుగో ఎంచుకుని లేచేటప్పటి నుంచీ దాన్నే చూడండి. చిన్న మార్పే గానీ, నా లెక్కలో అన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చేది ఇదే.

కాళ్లు బాగా చాపి, నడుము వంచి, చేతులు కొట్టుకుంటున్నారు

కిందికి దిగితే పడిపోమన్నది నిజమే. కానీ వంగాల్సింది నడుము కాదు, మోకాళ్లు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎలా నిలుస్తాడో చూడండి: పాదాలు భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ దూరంలో, మోకాళ్లు వదులుగా, ఛాతీ నిటారుగా. వెనక మోకాలు కొంచెం లోపలికి తిప్పితే తుంటి దానంతటదే సర్దుకుంటుంది. చేతులు నడుము ఎత్తులో, ముందు చెయ్యి వెళ్లే వైపు.

నిలబడగానే బోర్డు ఆగిపోతోంది

బరువు వెనక కాలి మీద ఉంది. తోక మునిగితే బోర్డుకి బ్రేకు పడినట్టే. ముందు మోకాలు ఇంకొంచెం వంచి బరువు అటు పంపండి. అల సరిగ్గా నెట్టకముందే లేచినా ఇలాగే అవుతుంది, అప్పుడు ఇంకో రెండుసార్లు ప్యాడిల్ చేసి, అంటే చేతులతో నీళ్లు వెనక్కి తోసి, లేవండి.

అన్నీ సరిగ్గా చేసినా ఇబ్బందిగానే ఉంది

బహుశా ముందు పెట్టిన కాలు మీకు నప్పేది కాదు. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి ముందుంటే గూఫీ. రెండూ సరైనవే. వెనక నుంచి ఎవరినైనా మెల్లగా తొయ్యమనండి. అప్రయత్నంగా ఏ కాలు ముందుకు పడితే దాన్ని ముందు పెట్టి చూడండి. కాలు మార్చితే లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) కూడా విప్పి మార్చి కట్టుకోవాలి, అది ఎప్పుడూ వెనక కాలికే ఉండాలి.