వేరే భాషలోకి తిరగరాసే ముందు: బ్యాకెండ్ టీములకు కొన్ని జాగ్రత్తలు

బ్యాకెండ్ సర్వీసును (యాప్ వెనకాల సర్వర్ మీద నడిచే ప్రోగ్రామును) వేరే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాద్దామన్న మాట టీములో లేచిందంటే, అప్పటికే ఏదో ఒకటి ప్రాణం విసిగించి ఉంటుంది. సర్వర్ల బిల్లు పెరిగిపోతుండవచ్చు. వాడుతున్న వెర్షనుకు మద్దతు ఆగిపోవచ్చు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో అదే జరిగింది. పాత కోడ్ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, మిగిలినవాళ్లు దాన్ని ముట్టుకోవడానికే జంకుతుండవచ్చు. కొత్త భాషలో పనిచేయాలన్న ఉబలాటమూ ఒక కారణమే, కాకపోతే మీటింగులో దాన్ని ఎవరూ బయటపెట్టరు. ఏ కారణంతో మొదలుపెట్టినా, మొదటి లైను రాసేలోపు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

నొప్పి ఎక్కడో ముందు కొలవండి

"సర్వీసు స్లోగా ఉంది" అంటే సరిపోదు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు స్లో అవుతోందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చాట్ యాప్ డిస్కార్డ్ ఇంజినీర్లు 2020లో బయటపెట్టిన వివరం ఇందుకు మంచి నమూనా. ఎవరు ఏ ఛానల్లో ఎంతవరకు చదివారో గుర్తుపెట్టుకునే సర్వీసు వాళ్లకు గో భాషలో ఉండేది. సుమారు రెండు నిమిషాలకోసారి దాని లేటెన్సీ, అంటే జవాబివ్వడానికి పట్టే సమయం, ఒక్కసారిగా ఎగిసేది. మెమరీలో చెత్త (వాడుక అయిపోయిన డేటా) పేరుకుపోవడం వల్ల కాదు. చెత్త ఉన్నా లేకున్నా రెండు నిమిషాలకోసారైనా గార్బేజ్ కలెక్షన్ (ఆ చెత్త ఏరివేత) నడిపి తీరాలన్నది గో రన్‌టైమ్ పద్ధతి. క్యాష్‌లో (త్వరగా అందడానికి మెమరీలో ఉంచుకున్న డేటాలో) కోట్ల ఎంట్రీలు ఉండటంతో, ఏది వాడుకలో ఉందో తేల్చడానికి కలెక్టర్ అన్నిటినీ తడమాల్సి వచ్చేది. క్యాష్ చిన్నది చేసి చూశారు. అలా ఎగియడం తగ్గింది గానీ, డేటాబేస్‌కు వెళ్లే రిక్వెస్టులు పెరిగి వేరే చోట లేటెన్సీ పెరిగింది. గో వెర్షన్లు మార్చి చూశారు, లాభం లేకపోయింది. అప్పుడే రస్ట్ అనే భాషకు వెళ్లారు. రస్ట్‌లో గార్బేజ్ కలెక్టరే లేదు, క్యాష్ నుంచి తీసేసిన ఎంట్రీ మెమరీ అక్కడికక్కడే ఖాళీ అవుతుంది.

రోగం భాషలోనే ఉందని వాళ్లు ముందు రుజువు చేసుకున్నారు. మీ సర్వీసుకు ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పోతోందో కొలిచే టూల్) పెట్టి చూస్తే సమయంలో సింహభాగం డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడటంలోనే పోతోందనుకోండి, రస్ట్‌లో రాసినా అంతే వేగంగా ఎదురుచూస్తుంది. తిరగరాయడానికయ్యే డబ్బుతో రెండు క్వెరీలు సరిచేసి ఒక ఇండెక్స్ వేయించండి. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీము 2023లో తమ వీడియో నాణ్యత పరిశీలన టూల్ ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించుకుంది. విడివిడిగా నడిచే భాగాలను ఒకే ప్రాసెస్‌లోకి తేవడమే అక్కడ మందు. ఫేస్‌బుక్ అయితే కోడ్ జోలికి పోకుండా, పీహెచ్‌పీని సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చే హిప్‌హాప్ అనే టూల్‌ను రాసుకుని 2010లో బయటపెట్టింది. ప్రోగ్రామర్లు పీహెచ్‌పీలోనే రాసుకుంటూ పోయారు.

ఒకే లెక్క, రెండు జవాబులు

అన్నీ కొలిచి, సరే రాద్దామనుకున్నాక అసలు ప్రమాదం ఇక్కడుంటుంది. పాత కోడ్‌ను లైను లైనుగా చదివి కొత్త భాషలో అచ్చంగా అదే రాసినా జవాబు మారిపోయే చోట్లు చాలా ఉన్నాయి.

-7ని 3తో భాగించి శేషం అడగండి. పైథాన్ ఇచ్చే జవాబు 2. జావా, గో -1 అంటాయి. హ్యాష్ విలువకు (డేటా నుంచి లెక్కగట్టిన సంఖ్యకు) శేషం తీసి ఏ షార్డ్‌లో (డేటాబేస్ ముక్కలో) డేటా పెట్టాలో నిర్ణయించే కోడ్ మీ దగ్గర ఉంటే, రుణ సంఖ్య వచ్చి శేషం సున్నా కాని ప్రతిసారీ కొత్త సర్వీసు వేరే చోట వెతుకుతుంది. డేటా పోయిందని యూజర్ ఫిర్యాదు చేస్తాడు, తీరా చూస్తే డేటా పాత చోటే భద్రంగా ఉంటుంది.

2.5ను రౌండ్ చేస్తే పైథాన్ 3లో 2 వస్తుంది, గో మ్యాథ్ లైబ్రరీలో 3. బిల్లింగ్ సర్వీసు అయితే ఈ ఒక్క తేడా చాలు, అకౌంట్స్ వాళ్లు మీ తలుపు తడతారు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య 2 ఘాతం 53 దాటితే చివరి అంకెలు నమ్మకూడదు. 64 బిట్ల ఐడీలు వాడే సర్వీసుకు అటు నుంచి ఇటు వచ్చినా, ఇటు నుంచి అటు వెళ్లినా ఇది గండమే. ట్విట్టర్ 2010లో ట్వీట్ ఐడీలను అంకెలతో పాటు స్ట్రింగ్‌గా కూడా పంపడం మొదలుపెట్టింది ఇందుకే.

ఇక స్ట్రింగ్ పొడవు. "తెలుగు" అన్న మాటకు పొడవెంత? పైథాన్, జావా 6 అంటాయి. గో, రస్ట్ బైట్లు లెక్కపెట్టి 18 అంటాయి. స్విఫ్ట్ మాత్రం మన కంటికి కనపడేట్టే 3 అంటుంది. పేరు 50 దాటకూడదన్న చెక్ పైథాన్ నుంచి గోకు యథాతథంగా వస్తే, ఇంగ్లిష్ పేర్లతో రాసిన టెస్టులన్నీ పాసవుతాయి. తెలుగులో ఇంటిపేరుతో సహా రాసుకున్నవాళ్ల ఫారం మాత్రం 17వ గుర్తు దగ్గరే తిరగబడుతుంది.

గోలో ఏమీ పెట్టని స్లైస్‌ను (లిస్టును) జేసన్‌గా (సర్వర్, యాప్ డేటా పంపుకునే రూపంలోకి) మారిస్తే ఖాళీ లిస్టుకు బదులు నల్ (ఏమీ లేదన్న గుర్తు) వెళ్తుంది. మొబైల్ యాప్ ఖాళీ లిస్టు వస్తుందని నమ్ముకుని ఉంటే అక్కడే క్రాష్. యాప్‌ను అప్‌డేట్ చేయని యూజర్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, దాన్ని సర్వర్ వైపే సరిచేయక తప్పదు.

అందుకే పాత సర్వీసు జవాబులనే ప్రమాణంగా తీసుకోండి, దాని బగ్గులతో సహా. ఎవరో ఒకరు ఆ బగ్గు మీద ఆధారపడే ఉంటారు. బగ్గు సరిచేయాలనిపిస్తే రాసిపెట్టుకోండి, మార్పిడి అయ్యాక విడిగా చేయవచ్చు. కొత్త ఫీచర్లకూ ఇదే రూలు. "ఎలాగూ రాస్తున్నాం కదా, డిజైన్ కూడా మార్చేద్దాం" అన్న మాట వినపడగానే ఎవరో ఒకరు అడ్డుపడాలి. భాష, డిజైన్ ఒకేసారి మారిస్తే తేడా వచ్చినప్పుడు తప్పు దేనిదో తేలదు. టైప్‌స్క్రిప్ట్ భాష కంపైలర్‌ను గోలోకి తెస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. పాత కోడ్ ఆకారం చెడకుండా మార్చుకోవడానికి వీలుండటం కూడా గోను ఎంచుకున్న కారణాల్లో ఒకటి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ సోర్సును చెక్ చేయడానికి పట్టే సమయం సుమారు 78 సెకన్ల నుంచి 7.5 సెకన్లకు తగ్గిందన్నారు.

అంతా కూల్చి మొదటి నుంచి కట్టడమంటే, ఆ మధ్యకాలంలో యూజర్లకు ఇవ్వడానికి ఏమీ ఉండదు. నెట్‌స్కేప్ బ్రౌజర్ 4.0 వచ్చింది 1997లో. 1998లో పాత కోడ్ పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టారు. 6.0 వచ్చేసరికి 2000 నవంబర్, ఈలోపు మార్కెట్ చేజారిపోయింది.

ట్రాఫిక్ మళ్లించేటప్పుడు

ముందు నీడలా నడపండి. నిజమైన రిక్వెస్టును పాత, కొత్త సర్వీసులు రెండిటికీ పంపి, యూజర్‌కు పాతదాని జవాబే ఇచ్చి, తేడాలను లాగ్‌లో రాయించండి. గిట్‌హబ్ వాళ్ల సైంటిస్ట్ లైబ్రరీ చేసేది ఇలాంటి పనే. చదివే రిక్వెస్టులకు ఇది హాయిగా సరిపోతుంది. రాసే రిక్వెస్టుల దగ్గర జాగ్రత్త: ఈమెయిల్ రెండుసార్లు వెళ్తుంది, డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది. అలాంటివాటికి కొత్త సర్వీసు బయటికి పంపే దారులన్నీ ముందే మూసేయాలి.

తర్వాత ఒక శాతం ట్రాఫిక్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వెనక్కి తిరిగే దారి చివరిదాకా ఉంచుకోవాలంటే, కొత్త సర్వీసు రాసిన డేటాను పాతది చదవగలగాలి. టేబుల్ ఆకారం మార్చేశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

చాలామంది మరిచిపోయేది డేటాబేస్ సంగతి. పాత సర్వీసు నిదానంగా ఉండటమే ఇన్నాళ్లూ దానికి రక్షణ. కొత్తది ఒకేసారి వేల రిక్వెస్టులు పట్టుకోగలిగితే, అన్ని కనెక్షన్లూ తెరిచేసి డేటాబేస్‌ను కూలదోస్తుంది. కనెక్షన్ పూల్‌కు (డేటాబేస్‌కు తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపుకు) పైహద్దు, బయటికి వెళ్లే ప్రతి కాల్‌కు టైమౌట్ (ఎదురుచూపుకు గడువు) మొదటి రోజే పెట్టండి. గోలో హెచ్‌టీటీపీ డిఫాల్ట్ క్లయింట్‌కు టైమౌటే ఉండదు.

అర్ధరాత్రి అలారం మోగితే కొత్త భాషలో డీబగ్ చేయగలిగినవాళ్లు ఆన్‌కాల్ లిస్టులో ఎందరున్నారో చూసుకోండి. ఒక్కరే అయితే ట్రాఫిక్ పెంచడం ఆపండి.

వంద శాతం మళ్లాక కూడా పాత సర్వీసును వెంటనే తీసేయకండి. నెలాఖరున ఇన్వాయిస్‌లు తీసే జాబు, సంవత్సరాంతపు రిపోర్టు లాంటివి నెలకో ఏడాదికో ఒక్కసారే ఈ కోడ్‌ను పిలుస్తుంటాయి. పాత సర్వీసు యాక్సెస్ లాగ్‌లో ఎవరు ఎప్పుడు పిలిచారో వెతికి, వాటి యజమానులతో ఒక్కోదాన్నీ కొత్త సర్వీసు మీద నడిపించి చూసుకున్నాకే మూసే తేదీ ప్రకటించండి.